చంటిబిడ్డతో కారులో దూరప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలోని జయపురం. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. పాపకు తొమ్మిదో నెల నడుస్తుండగా, పుట్టువెంట్రుకల మొక్కు తీర్చుకోవడానికి జనవరిలో కారులో తిరుమల వెళ్లి వచ్చాం. మావారు, అత్తయ్య, మామయ్య, నేను, పాప. పోను దాదాపు వెయ్యి కిలోమీటర్లు. తిరిగి వచ్చినప్పటి నుంచి కొరాపుట్, సునాబెడ, రాయగడ, పర్లాకిమిడిలలో ఉన్న బంధువులు, స్నేహితులు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. వాళ్లందరికీ చెప్పినవన్నీ ఒకచోట రాస్తున్నాను. మందుల విషయంలో మాత్రం మీ బిడ్డను ఎప్పుడూ చూసే డాక్టరు మాటే ఆఖరి మాట.

ఎన్ని నెలలు నిండాక బయలుదేరవచ్చు?

మొక్కుకు, పెళ్లికి తొందర ఉండవచ్చు గాని బిడ్డకు ఏ తొందరా లేదు. మూడు నెలల లోపు బిడ్డతో ఇంత దూరం వెళ్లకండి. ఆ వయసులో జ్వరం వస్తే ఇంటి వైద్యానికి తావు లేదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. దారి మధ్యలో ఆ పరుగు ఎంత కష్టమో ఆలోచించండి. మెడ గట్టిగా నిలబడి, ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాల టీకాలు పూర్తయ్యాక వెళ్తే మనసుకు నిమ్మళంగా ఉంటుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే డాక్టరును అడగకుండా తేదీ పెట్టుకోకండి.

ఒడిలో పెట్టుకుంటే సరిపోదా? బేబీ సీటు నిజంగా అవసరమా?

అందరూ అడిగేది ఇదే, నేను గట్టిగా చెప్పేదీ దీని గురించే. ఒడి సరిపోదు.

బిడ్డను నేను వదలను అని ప్రతి తల్లీ అనుకుంటుంది. నేనూ అనుకున్నాను. కాని లెక్క వేరు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనికైనా గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోయిందనుకోండి. ఆ క్షణంలో ఎనిమిది కిలోల బిడ్డను పట్టి ఉంచాలంటే నూట పది కిలోల బరువు ఎత్తేంత బలం చేతుల్లో ఉండాలి. అదీ ముందుగా తెలియకుండా, కునుకుపాటులో ఉన్నప్పుడు. ఏ తల్లి చేతులూ దానికి చాలవు. అందులో ప్రేమ లోపమేమీ లేదు. తల్లి తనకు, బిడ్డకు కలిపి ఒకే బెల్టు పెట్టుకుంటే ఇంకా ప్రమాదం. తల్లి బరువంతా ముందుకు వచ్చి బిడ్డను బెల్టుకేసి నొక్కేస్తుంది.

సుంకి ఘాటు రోడ్డులో, అంటే కొరాపుట్ వైపు నుంచి సాలూరుకు దిగే కొండదారిలో, జరిగింది చెబుతాను. మేము దిగుతున్నాం. మలుపులో ఎదురుగా లోడు లారీ మా వైపుకు వచ్చేసింది. మావారు ఒక్కసారిగా బ్రేకు తొక్కారు. నాకూ పాప సీటుకూ మధ్య పెట్టిన వేడినీళ్ల ఫ్లాస్కు ఎగిరి ముందు సీట్ల సందులోంచి వెళ్లి గేరు రాడ్డుకు తగిలి పడింది. మూత సొట్టపోయింది. పాప సీటు మాత్రం కదలలేదు. వెనక అద్దం వైపు ముఖం పెట్టి పడుకున్న పాప వీపు, తల సీటు గుల్లలోకి ఒత్తుకున్నాయి. అంతే. ఉలిక్కిపడి లేచి ఏడ్చింది, సాలూరు చేరేసరికి మళ్లీ నిద్రపోయింది. అప్పుడు మేము పోతున్నది గంటకు ముప్పై కిలోమీటర్ల వేగంతో కూడా కాదు.

చట్టం కూడా ఇదే చెబుతోంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, 14 ఏళ్ల లోపు పిల్లలకు సీటు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా కారు నడిపితే వెయ్యి రూపాయలు జరిమానా. దారిలో ఎవరూ ఆపకపోవచ్చు. జరిమానా కోసం కాదు కదా మనం సీటు పెట్టేది.

ఎలాంటి సీటు కొనాలి? ఎలా బిగించాలి?

బిడ్డ ముఖం కారు వెనక వైపు ఉండేలా అమర్చే సీటు కొనండి. పసిబిడ్డ పొడవులో నాలుగో వంతు తలే, మెడ ఎముకలు ఇంకా లేతవి. ముందుకు ముఖం పెట్టి కూర్చోబెడితే కారు ఆగిన కుదుపు మొత్తం ఆ మెడ మీదే పడుతుంది. వెనకకు ముఖం పెడితే అదే కుదుపు వీపంతా పరుచుకుంటుంది. ఐరోపా భద్రతా ప్రమాణం ఆర్ 129 కనీసం 15 నెలల వరకు ఇలాగే ఉంచాలంటుంది. సీటు కొలతల్లో పట్టినంత కాలం అలాగే ఉంచడం మంచిది.

కొనేటప్పుడు సీటు మీద ఏఐఎస్ 072 (మన దేశపు భద్రతా ప్రమాణం) గాని, ఆర్ 44, ఆర్ 129 (ఐరోపావి) గాని గుర్తు ఉందో లేదో చూడండి. మీ కారు వెనక సీట్లో ఐసోఫిక్స్ కొక్కేలు ఉంటే వాటికి తగిలించే రకం తేలిక. లేకపోతే మూడు చోట్ల పట్టే సీటు బెల్టుతో బిగించేది తీసుకోండి. ఇంకొకరు వాడిన సీటు తీసుకుంటే, అది ప్రమాదంలో దెబ్బతిన్నది కాదని తెలిసిన ఇంటిదే తీసుకోండి.

బిగించాక సీటు అడుగు భాగం పట్టుకుని అటూ ఇటూ లాగండి. ఒక అంగుళం కన్నా ఎక్కువ కదిలితే మళ్లీ బిగించాలి. పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గాని, కాస్త కిందుగా గాని మొదలవ్వాలి. పట్టీని రెండు వేళ్లతో గిల్లి చూడండి. మడత చేతికి వస్తే వదులుగా ఉన్నట్టే. ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఈ సీటు పెట్టకూడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే నేరుగా బిడ్డ తల వెనక ఉన్న గుల్లను కొడుతుంది.

ఇంకొకటి. మెడలో నల్లతాడు, గొలుసు, తాయెత్తు ఉంటే ప్రయాణం ఉన్నన్ని రోజులు తీసి సంచిలో భద్రంగా పెట్టండి. నిద్రలో జారి పట్టీకి చిక్కుకుంటే గొంతుకు బిగుస్తుంది. మొలతాడు ఉండవచ్చు, బకిల్ కింద నొక్కుకోకుండా చూస్తే చాలు.

ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే?

మా అత్తయ్య కూడా మొదట ఒప్పుకోలేదు. "ఇన్ని ఒడులు ఉండగా బిడ్డను ఆ డొప్పలో కట్టేస్తావా?" అని నొచ్చుకున్నారు. ఆవిడ మాటకు ఎదురు చెప్పలేదు. ప్రయాణానికి మూడు వారాల ముందే సీటు తెచ్చి నట్టింట్లో పెట్టాం. పాపకు అందులో బొమ్మలు ఇచ్చాం, కథలు చెప్పాం. తర్వాత రోజూ సాయంత్రం కారులో బిగించి కొరాపుట్ రోడ్డు మీద పావుగంట తిప్పాం. పాపను కూర్చోబెట్టి పట్టీ పెట్టే పని అత్తయ్యకే అప్పగించాం. పది రోజులకు ఆ సీటు గురించి మావారి కన్నా ఆవిడకే బాగా తెలిసింది.

ఘాటు రోడ్డులో ఫ్లాస్కు ఎగిరిన తర్వాత ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. ఫ్లాస్కు తీసి కాళ్ల మధ్య పెట్టుకుని, రెండో చెయ్యి పాప సీటు మీద వేసి కూర్చున్నారు. సాలూరు వరకు ఆ చెయ్యి తీయలేదు.

వాదనతో కాకుండా పని అప్పగించి చూడండి. పెద్దవాళ్లు అడ్డు చెప్పేది బిడ్డ మీద ప్రేమతోనే కదా.

రోజుకు ఎంత దూరం వెళ్లాలి?

బిడ్డ లేనప్పుడు వెళ్లే దూరంలో సగం. మేము తిరుమలకు ఇలా వెళ్లాం: మొదటి రోజు జయపురం నుంచి కొరాపుట్, సుంకి, సాలూరు, విజయనగరం మీదుగా విశాఖపట్నం, దాదాపు 220 కిలోమీటర్లు. రెండో రోజు అన్నవరం మీదుగా రాజమండ్రి. మూడో రోజు విజయవాడ. నాలుగో రోజు ఒంగోలు. అయిదో రోజు నెల్లూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా తిరుపతి. చివరి రోజు దూరం కాస్త ఎక్కువ, కాని నెల్లూరులో మూడు గంటలు ఆగాం.

ఈ వంద కిలోమీటర్లు అయ్యాక ఆగుదాం అనుకోకండి. బిడ్డ పాలవేళే మీ గడియారం. ఎలా ఉన్నా రెండు గంటలకు మించి సీట్లో ఉంచవద్దు. ఒంగి కూర్చున్నట్టు ఎక్కువసేపు ఉంటే గడ్డం రొమ్ముకు ఆని ఊపిరి సరిగా ఆడదు. తీసి, చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఆడించుకోనివ్వండి. నాలుగైదు నెలల బిడ్డ అయితే ఇంకా తరచుగా ఆగాలి. బస చేరాక నిద్రపోతున్న బిడ్డను సీటుతో సహా లోపలికి తెచ్చి అలాగే ఉంచేయకండి, మంచం మీదకు మార్చండి.

రాత్రిపూట నడపడం వద్దు. బిడ్డ నిద్రపోతుంది, రోడ్డు ఖాళీగా ఉంటుంది అంటారు. తెల్లవారుజామున డ్రైవరుకు పట్టే కునుకు గురించి మాట్లాడరు.

పర్లాకిమిడి వాళ్లకు పాతపట్నం దాటి జాతీయ రహదారి 16 ఎక్కడం తేలిక. బరంపురం వాళ్లు ఇచ్ఛాపురం దాటితే అదే రోడ్డు. రాయగడ వాళ్లకు పార్వతీపురం, బొబ్బిలి దారి. ఘాటు కష్టం ఎక్కువగా మా కొరాపుట్ పీఠభూమి మీద ఉన్నవాళ్లకే.

సుంకి ఘాటు ఏ వేళ దిగాలి?

చలికాలంలో ఎండ వచ్చాక. కొరాపుట్, సిమిలిగుడ, పొట్టంగి దగ్గర డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా ఉంటుందంటే ముందు బండి ఎర్రదీపం కూడా దగ్గరకు వెళ్తే గాని కనబడదు. మనవాళ్లకు తెల్లవారకముందే బయలుదేరే అలవాటు. బిడ్డ ఉన్నప్పుడు ఆ అలవాటు మానండి. మేము తొమ్మిదిన్నరకు బయలుదేరాం, పొట్టంగి చేరేసరికి దేవమాలి కొండ శుభ్రంగా కనిపించింది.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు వానల్లో కొండచరియలు జారి దారి మూసుకుపోవడం ఉంటుంది. ఆ నెలల్లో తప్పనిసరైతే ముందురోజు సాలూరు వైపు తెలిసినవాళ్లకు ఫోను చేసి దారి ఎలా ఉందో కనుక్కుని బయలుదేరండి. వాన గట్టిగా కురుస్తుంటే కొండ ఎక్కకుండా, దిగకుండా ఎక్కడ ఉన్నారో అక్కడే ఆగండి.

ఘాటు మలుపుల్లో బిడ్డకు వాంతులు అవుతాయా?

పెద్దపిల్లలకు, పెద్దవాళ్లకు తల తిరిగినట్టు చంటిపిల్లలకు తిరగదు. ప్రయాణపు వికారం రెండేళ్ల లోపు అరుదు. ఘాటులో పసిబిడ్డ కక్కితే చాలాసార్లు కారణం నిండుకడుపే. అందుకే ఘాటు మొదలయ్యే ముందు కడుపునిండా పట్టకండి. అరగంట ముందే పాలిచ్చి, త్రేన్పు వచ్చేదాకా భుజాన వేసుకుని, ఆ తర్వాత సీట్లో పెట్టండి.

కొండ దిగేటప్పుడు మనకు చెవులు బిగుసుకున్నట్టు ఉంటుంది, పిల్లలకూ అంతే. కిందికి వచ్చాక బండి పక్కన ఆపి పాలిస్తే గుటక వేయగానే సర్దుకుంటుంది. బిడ్డకు జలుబు బాగా ఉంటే ఆ వారం ప్రయాణం వాయిదా వేయడం మేలు.

దారిలో పాలు ఎలా ఇవ్వాలి?

బండి ఆపి ఇవ్వాలి. నడుస్తున్న బండిలో బిడ్డను పట్టీ విప్పి ఒళ్లోకి తీసుకోకూడదు, అయిదు నిమిషాలే అయినా సరే. పెట్రోలు బంకులు, టోలు గేటు దాటాక ఉండే ఖాళీ జాగాలు, పెద్ద హోటళ్ల ఆవరణలు బాగుంటాయి. కిటికీలకు పాత చీర ముక్కలు పిన్నులతో కట్టుకుంటే వెనక సీటే గది అయిపోతుంది. కొన్ని రైల్వేస్టేషన్లలో, బస్టాండ్లలో పాలిచ్చే తల్లులకు విడిగా గదులు ఉంటాయి, అడగడానికి మొహమాటపడకండి. తల్లి కూడా నీళ్లు బాగా తాగాలి. మరుగుదొడ్డి దొరకదేమోనని నోరు కట్టుకుని కూర్చుంటే మనకే నీరసం.

పిండి తీసిన తల్లిపాలు మామూలు గది వేడిలో నాలుగు గంటలు, మంచు ప్యాకెట్లు పెట్టిన చల్లని పెట్టెలో ఒక రోజు వరకు నిలుస్తాయి. ఎండలో ఉన్న కారు గది కాదు, గుర్తుంచుకోండి.

డబ్బాపాలు పట్టేవారు పొడిని పూటకు సరిపడా చిన్న డబ్బాల్లో విడివిడిగా కొలిచి పెట్టుకోండి. మరిగించిన నీళ్లు మంచి ఫ్లాస్కులో ఉండాలి. కలిపేటప్పుడు నీళ్లు కనీసం 70 డిగ్రీల వేడిలో ఉంటేనే పొడిలో ఉండగల సూక్ష్మజీవులు చస్తాయి. తర్వాత చల్లార్చి, మణికట్టు మీద చుక్క వేసి చూసి పట్టాలి. తాగగా మిగిలినవి పారబోయండి. ఒకసారి నోరు పెట్టిన సీసాను తర్వాతి పూటకు దాచడం వల్లే దారిలో విరేచనాలు పట్టుకుంటాయి.

ఆరు నెలల లోపు బిడ్డకు పాలు తప్ప నీళ్లు కూడా అక్కరలేదు. ఎండగా ఉంటే ఇంకోసారి పాలివ్వండి.

ఉగ్గు, తిండి సంగతి?

ఇంట్లో ఎప్పుడూ తినేదే దారిలోనూ. కొత్త రుచులు ఇప్పుడు వద్దు. మేము బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి రవ్వ పట్టించి తెచ్చుకున్నాం. చిన్న కరెంటు కుక్కరు వెంట ఉంచుకుని, ఉదయం బసలో వండి, వేడివేడిగా వెడల్పు మూత ఫ్లాస్కులో పోసేవాళ్లం. మా వైపు చోడిపిండి (రాగిపిండి) ఇంటింటా ఉంటుంది, జావ కాచి అదీ పెట్టాం. ఫ్లాస్కులో పోసిన ఉగ్గు మధ్యాహ్నం పూటకే, రాత్రికి దాచలేదు.

హోటల్లో అయితే పొయ్యి మీద నుంచి అప్పుడే దింపిన ఇడ్లీ అడగండి. చట్నీ, సాంబారు లేకుండా, మన ఫ్లాస్కు నీళ్లతో మెత్తగా మెదిపి పెట్టాలి. అరటిపండు మన చేత్తో వలిచేది కాబట్టి నమ్మవచ్చు. ఏడాది లోపు తేనె నాకించకండి. కొరాపుట్ సంతలో కొండతేనె ఎంత మంచిదైనా సరే, అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టిస్తుంది. ఉగ్గుగిన్నె, చెంచా రోజుకొకసారైనా మరిగే నీళ్లలో వేసి తీయండి.

ఏడుపు ఆపకపోతే? నిద్రపట్టే మందు ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. దగ్గు మందు, వాంతుల మందు ఇస్తే మత్తుగా పడుకుంటుందని ఎవరైనా చెబితే వినకండి. పసిబిడ్డలకు ఆ మందుల వల్ల ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

ఏడుపుకు కారణం వెతకండి. ఆకలి, తడి, ఉక్క, కళ్లలో ఎండ, పట్టీ కింద బట్ట మడత. మా పాప తుని దాటాక ఇరవై నిమిషాలు గుక్కపట్టి ఏడ్చింది. బండి ఆపి చూస్తే మేజోడు లోపల దారపు పోగు కాలి వేలికి చుట్టుకుని ఉంది. వేలు ఎర్రగా ఉబ్బింది. మేజోడు తిరగేసి, పోగు తెంపగానే ఊరుకుంది. అప్పటి నుంచి ఏ బట్టయినా లోపలివైపు తడిమి చూడకుండా తొడగడం లేదు. మీరూ చూడండి, ముఖ్యంగా వేళ్లు.

అన్నీ బాగున్నా ఏడుస్తుంటే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని జోలపాడండి. బండి నడిపేవారు మాత్రం వెనక్కి తిరిగి చూడకూడదు.

చలి, ఎండ, ఏసీ?

పీఠభూమి మీద చలికి మందపాటి స్వెట్టరు వేసి దాని మీద పట్టీలు బిగిస్తే, కుదుపు వచ్చినప్పుడు ఉన్ని నలిగిపోయి పట్టీ వదులైపోతుంది. పలచని బట్టలు వేసి, పట్టీలు బిగించి, పైన దుప్పటి కప్పండి. సాలూరులో దిగాక ఉక్క మొదలవుతుంది, అప్పుడు దుప్పటి తీస్తే సరిపోతుంది. ఏసీ గాలి బిడ్డ ముఖానికి నేరుగా తగలనివ్వకండి.

ఆగి ఉన్న కారులో బిడ్డను ఒంటరిగా వదలకండి, కొబ్బరికాయ కొనేంతసేపు కూడా. ఎండలో పది నిమిషాలకు లోపలి వేడి పది డిగ్రీలు పెరుగుతుంది. పసిబిడ్డ ఒళ్లు మనకన్నా ఎన్నో రెట్లు త్వరగా వేడెక్కుతుంది. సీటు బకిల్ ఎండకు కాలి ఉంటుంది, పడుకోబెట్టే ముందు మీ చెంపకు ఆనించి చూడండి.

డైపర్లు ఎన్ని కావాలి?

మూడు గంటలకు ఒకటి లెక్కన, పైన మరో అయిదారు. వాడినవి రోడ్డు పక్కన పారేయకుండా మూతి కట్టే సంచిలో వేసి బస దగ్గర చెత్తబుట్టలో వేయండి. కొబ్బరినూనె, నాలుగు మెత్తటి పాత పంచె ముక్కలు ఉంటే చాలా పనులకు వస్తాయి.

దారిలో జ్వరం వస్తే?

థర్మామీటరు వెంట ఉండాలి. 38 డిగ్రీలు, అంటే ఫారెన్‌హీట్‌లో 100.4 దాటితే జ్వరమే. మూడు నెలల లోపు బిడ్డ అయితే వెంటనే ఆసుపత్రి. పెద్ద బిడ్డ అయితే, బయలుదేరే ముందే మీ డాక్టరు దగ్గర బరువు చూపించి పారాసిటమాల్ మోతాదు కాగితం మీద రాయించుకోండి. చుక్కల మందుకూ సిరప్‌కూ గాఢత వేరు, పేరు చూసి పోయకండి. విరేచనాలైతే పాలు ఆపకూడదు, ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లతోనే కలపాలి. బిడ్డ పాలు తాగకపోయినా, మగతగా ఉన్నా, ఆరేడు గంటలు మూత్రం పోయకపోయినా, డొక్కలు ఎగరేస్తున్నా ఆలస్యం చేయవద్దు. 108 అంబులెన్సు ఒడిశాలోనూ ఆంధ్రలోనూ ఉంది. జాతీయ రహదారి మీద బండికి ఆపద వస్తే 1033.

మా జిల్లాల వాళ్లు మరవకూడనిది ఒకటుంది. కొరాపుట్, రాయగడ, మల్కనగిరి మలేరియా ప్రాంతాలు. దోమ కుట్టిన వారం, రెండు వారాల తర్వాత గాని జ్వరం బయటపడదు. అప్పటికి మీరు రాజమండ్రిలోనో, తిరుపతిలోనో ఉంటారు. అక్కడి డాక్టరుకు మలేరియా మొదట తట్టకపోవచ్చు. "మేము కొరాపుట్ నుంచి వచ్చాం, మా దగ్గర మలేరియా ఉంది, రక్తపరీక్ష చేయండి" అని మీరే నోరు తెరిచి చెప్పాలి. మడిచే దోమతెర వెంట తీసుకెళ్లండి, బసలో అది వాడండి.

దారిలో ఒక ఊళ్లో పాపకు ఒళ్లు వెచ్చబడితే దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లాం. నర్సు టీకాల కార్డు అడిగి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి నాకే ఇచ్చేసింది. తేదీలన్నీ ఒడియా అంకెల్లో ఉన్నాయి. నేను పక్కన నిలబడి ఒక్కొక్కటి చదువుతుంటే ఆమె తెల్లకాగితం మీద రాసుకుంది. ఆ కాగితం ఇప్పటికీ కార్డుకే పిన్ను చేసి ఉంది. మీరు బయలుదేరే ముందే టీకా పేరు, తేదీ, బిడ్డ బరువు, పడని మందులు తెలుగులో గాని ఇంగ్లీషులో గాని రాసుకుని, ఫోనులో ఫోటో కూడా తీసి పెట్టుకోండి.

టీకా తేదీ ప్రయాణంలో పడితే?

కుదిరితే వేయించుకుని రెండు రోజులు ఆగి బయలుదేరండి, టీకా జ్వరం ఇంట్లోనే తగ్గిపోతుంది. కుదరకపోతే వచ్చిన వెంటనే వేయించండి. కార్డు చూపిస్తే దేశంలో ఏ ప్రభుత్వ ఆరోగ్యకేంద్రంలోనైనా వేస్తారు, రాష్ట్రం మారినంత మాత్రాన కాదనరు. తొమ్మిది నెలలు నిండాక వేసే తట్టు, రుబెల్లా టీకా మాత్రం పెద్ద గుంపుల్లోకి వెళ్లే ముందు పడి ఉంటే మంచిది.

తిరుమలలో చంటిబిడ్డతో ఎలా?

ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులకు సుపథం అనే ప్రత్యేక ప్రవేశ దారిలో దర్శనానికి అవకాశం ఇస్తారు. జన్మ ధ్రువపత్రం, తల్లిదండ్రుల ఆధార్ అసలువి ఉండాలి. వేళలు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బయలుదేరే వారంలో దేవస్థానం వారి ప్రకటన చూసుకోండి. ఒడిశా జన్మపత్రం ఇంగ్లీషు ప్రతి కూడా దగ్గర ఉంచుకోండి.

కల్యాణకట్టలో తలనీలాలు తీయడం ఉచితం. కొత్త బ్లేడు మన కళ్లముందే మార్చమని అడగండి. పాలిచ్చి, కునుకు పట్టే ముందు తీసుకెళ్తే బిడ్డ తక్కువ కదులుతుంది. మా పాపను మామయ్య ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు, నేను ఎదురుగా గిలక్కాయ ఆడించాను. గోరువెచ్చని నీళ్లు ముందే పట్టుకుని ఉంచుకోండి, కొండ మీద జనవరి నీళ్లు చల్లగా ఉంటాయి. గుండు చేయించాక టోపీ తప్పనిసరి.

అద్దెకారు అయితే?

మాట్లాడుకునేటప్పుడే వెనక సీట్లో మూడు చోట్ల పట్టే బెల్టు ఉందా, పని చేస్తుందా అని అడగండి. ముందురోజు సాయంత్రం సీటు తీసుకెళ్లి బిగించి చూసుకోండి. చాలా పాత బండ్లలో బెల్టులు సీటు సందులో ఇరుక్కుని ఉంటాయి. బండిలో ఎంతమంది పడతారో లెక్క వేసేటప్పుడు బిడ్డను కూడా ఒక మనిషిగా లెక్కించండి. ఇంకో ఇద్దరు చుట్టాలు ఎక్కుతామంటే పెద్ద బండి మాట్లాడాలి గాని బిడ్డ సీటు తీసేయకూడదు.

దీనికన్నా రైలు మంచిది కాదా?

విశాఖపట్నం వరకు చాలా ఇళ్లకు మంచిదే. కొరాపుట్ నుంచి అరకు మీదుగా రైలు ఉంది, రాయగడ నుంచి విజయనగరం వైపు బోలెడన్ని ఉన్నాయి. బిడ్డను పడుకోబెట్టవచ్చు, ఎత్తుకుని తిరగవచ్చు. మామయ్యకు మోకాళ్ల నొప్పి, స్టేషన్ల మెట్లు ఎక్కలేరు, అందుకే మేము కారు ఎంచుకున్నాం.

తిరుగు ప్రయాణంలో ఏవైనా వేరే జాగ్రత్తలు ఉన్నాయా?

ఉన్నాయి. ఇంటికి త్వరగా చేరిపోవాలనే ఆత్రం అప్పుడే ఎక్కువ. విజయవాడ నుంచి ఒక్క ఊపున విశాఖ వెళ్లిపోదామని మావారూ అన్నారు. పాప ఒప్పుకోలేదు, రాజమండ్రి దగ్గరకు వచ్చేసరికి సీట్లో వెనక్కి విరుచుకోవడం మొదలుపెట్టింది. అక్కడే ఆగి రాత్రి ఉండిపోయాం.

ఘాటు ఎక్కే రోజు సాలూరులోనే మధ్యాహ్నం పాలు, ఉగ్గు అయిపోవాలి, చీకటి పడకముందే సుంకి దాటాలి. లడ్డూల డబ్బాలు, కొన్న సామాన్లు డిక్కీలో పెట్టండి, బిడ్డ పక్కన, వెనక అద్దం దగ్గర ఏదీ ఉంచకండి. మా ఫ్లాస్కు ఇప్పుడు ముందు సీటు కింద, తాడుతో కట్టి ఉంటుంది. సొట్ట మూత మార్చలేదు.